ఓరగా చూస్తే కనబడే గీతలు

నవంబరు 2, ఆదివారం

పప్పులో రెండుసార్లు ఉప్పు వేశాను. కారణం కారు.

పొద్దున్న బట్టలు ఆరేసి వెనక్కి తిరిగేసరికి ఎండ ఎదురు క్వార్టరు మీంచి దిగి మా బానెట్ మీద పడుతోంది. నల్ల రంగు మీద గీతలు. ఒకటీ రెండూ కాదు... వేలు. సన్నగా, గుండ్రంగా, ఎండ చుట్టూ సాలీడు గూడు అల్లినట్టు. నేను జరిగితే గూడూ జరుగుతోంది. నీడలోకి వెళ్తే మాయం. తెచ్చిన రోజు ఆ బానెట్‌లో చూసుకునే కదా బొట్టు సరిచేసుకున్నాను! ఏడాది కూడా నిండలేదు.

నలభై మూడో ఏట డ్రైవింగు నేర్చుకున్నదాన్ని. పక్కసీట్లో కూర్చుని నేర్పించింది మా ఆయన కాదు, వాళ్ల నాన్న, మావయ్య. మావయ్యకే కారు నడపడం రాదు. నేను క్లచ్ వదిలేసి బండి ఎగిరిపడ్డప్పుడల్లా, "పర్వానేదమ్మా, కొత్త డ్రైవర్ని సూస్తే ఇంజినయినా బెదురుద్ది" అనేవారు. ఆ ధైర్యంతోనే పాఠాలు చెప్పడానికి స్కూలుకి కారులో వెళ్తున్నాను.

ఎవరో పిల్లలు గీశారా? పిల్లలు ఇంత గుండ్రంగా, ఇంత ఓపికగా గీస్తారా...

నవంబరు 3, సోమవారం

ఆరింటికే లేచి కిటికీ దగ్గర నిలబడ్డాను. దొంగను పట్టుకుందామని. దొంగ ఖాకీ చొక్కా వేసుకుని వచ్చారు.

మావయ్య. రోజూ కారు కడిగేది ఆయనే. "డ్యూటీకెళ్తన్నాను" అని చెప్పి మరీ వెళ్తారు. రైల్వే వర్క్‌షాపు పెయింట్ షాపులో ముప్ఫై ఎనిమిదేళ్లు బోగీలకు రంగు వేసి రిటైరయ్యారు. ఆ తర్వాత పదమూడేళ్లు గోడకు ఆనుకుని కూర్చున్నారు. కారొచ్చాకే ఖాకీ చొక్కా మళ్లీ పెట్టెలోంచి బయటికొచ్చింది.

ఒకటే బాల్చీ. గుప్పెడు బట్టల సబ్బుపొడి. చేతిలో వేస్టు.

మా ఇళ్లలో వేస్టంటే పారేసేది కాదు. వర్క్‌షాపులో చేతులూ మిషన్లూ తుడుచుకునే నూలుపోగుల ఉండ. స్టవ్వు తుడవాలన్నా వేస్టే, సైకిలు తుడవాలన్నా వేస్టే. కాపురానికొచ్చిన కొత్తలో అత్తయ్య "వేస్టు తేవే" అంటే చెత్తబుట్ట పట్టుకొచ్చి ముందు పెట్టాను. పోయేదాకా ఆ సంగతి చెప్పి నవ్వింది మహాతల్లి.

చూస్తూనే ఉన్నాను. ముందు చక్రాలు తుడిచారు. అదే వేస్టుతో తలుపుల కింద గడ్డకట్టిన ఎర్ర మొరం మట్టి దుమ్ము. బాల్చీలో ఒక్కసారి ముంచారు, నీళ్లు ఎర్రగా అయ్యాయి. అదే వేస్టు బానెట్ మీద. గుండ్రంగా, గుండ్రంగా... పెదాలు కదుపుతూ, పసిపిల్లకు తల రుద్దినట్టు.

"అద్దంలాగొచ్చినాదా, అమ్మాయ్?"

"వచ్చినాది మావయ్యా."

అబద్ధాలకోరుదాన్ని.

నవంబరు 5, బుధవారం

స్కూలు అయ్యాక తాల్‌బగీచా పేటకి వెళ్లాను. కార్ల రంగు పని చేసే బెంగాలీ అతను, బిశు దా దగ్గరికి. టార్చి వేసి చూశాడు. "ఏ కీ కొరెఛేన్, బౌది!" ఏం చేశారిది వదినా అని తల పట్టుకున్నాడు. ఇన్నేళ్లుగా తెలుగువాళ్ల మధ్య ఉన్నాడు కదా, ఆ తర్వాత తన తెలుగులో అందుకున్నాడు. "ఇది కడగలేదు బౌది. ఇది రుద్దింది. కీ దియే? ఏం పెట్టి?"

"వేస్టు."

నవ్వలేదు. రంగు మీద పలచగా గాజులాంటి పూత ఉంటుందట, గీతలన్నీ అందులోనే ఉన్నాయట. లోతు లేవు, పోతాయి అన్నాడు. కానీ పోగొట్టడం అంటే ఆ పూతనే వెంట్రుకవాసి అరగదీయడం. మాటిమాటికీ చేస్తే పూతే మిగలదు. "ముందు రుద్దేది ఆపు. అది ఆపకుండా నా పాలిష్ మిషన్ ముట్టుకోవద్దు." ఒకప్పటి బోగీల రంగు మందం, ఎనామెలు, దాన్ని రుద్దేకొద్దీ మెరిసేది అని కూడా అన్నాడు. ఇది ఆ రంగు కాదు.

"ఎవరు కడుగుతారు?" అన్నాడు.

"నేనే," అన్నాను. ఎంత ఠక్కున వచ్చిందో నోట్లోంచి!

నవంబరు 6, గురువారం

చెప్పేద్దాం అనుకున్నాను. మెల్లిగా, కోప్పడకుండా. ఎండలోకి తీసుకొచ్చి బానెట్ చూపించాను. "మావయ్యా, ఈ గీతలు సూడండి."

"యే గీతలు?"

ఆయన నాకు నేర్పిందే. రంగుని ఎదురుగా చూడకూడదు, ఓరగా చూడాలి, తప్పంతా ఓరచూపుకే దొరుకుతుంది అని. అలాగే ఒంగి, తల పక్కకు వాల్చి, ఒక కన్ను మూసి చూశారు. గోటితో మెల్లిగా గీసి చూశారు.

"ఏటీ నేదమ్మా. తళతళలాడతంది."

ఎండ నిండా గూడు. నా కంటికి పొడుచుకుంటోంది. ఆయన ముఖం అందులో ముక్కలు ముక్కలుగా కనబడుతోంది. ఆరని రంగులో ఒక్క బ్రష్షు వెంట్రుక ఉంటే బోగీ ఆ చివర్నుంచి పట్టేసేవారట ఈ మనిషి. షాపులో ఆయన్ని చూస్తే కుర్ర పెయింటర్లు హడలిపోయేవాళ్లట.

అసలు సంగతి ఇప్పుడర్థమైంది. కారు కాదు. పాడైంది ఆయన కళ్లు.

నవంబరు 7

ఇప్పుడు అన్నీ గుర్తొస్తున్నాయి. పేపరు ప్రింటు బాగోలేదని విసుక్కోవడం. వీధి దీపం చుట్టూ చక్రాలున్నాయనడం. చేపలో ముళ్లు నన్ను తీసిపెట్టమనడం... వయసొచ్చి గారాం అనుకున్నాను. నేనెంత గుడ్డిదాన్ని!

నవంబరు 8, శనివారం

కంటి డాక్టరమ్మ. రెండు కళ్లలోనూ శుక్లాలు. కుడి కన్ను బాగా ముదిరిపోయింది. ఆపరేషన్ 20న. ఎడమది తర్వాత.

మావయ్య గింజుకున్నారు. "నాకు బాగానే అగుపిస్తంది డాక్టరమ్మా." ఆవిడ గోడ మీది అక్షరాలు చదవమంది. రెండో వరస దగ్గరే ఆగిపోయి, గొంతు సవరించుకుని, "ఇంగ్లీషు కదా" అన్నారు. సర్వీసంతా బోగీల మీద ఇంగ్లీషు నంబర్లు రాసిన మనిషి. నేను కిటికీ వైపు తిరిగాను.

డాక్టరమ్మ నవ్వుతూ ఓ మాట అంది. ఆపరేషన్ అయ్యాక పెద్దవాళ్లంతా ఇంటికెళ్లి గోడలకు మచ్చలున్నాయని, గిన్నెలకు జిడ్డుందని కోడళ్లతో గొడవపడతారట. అన్నీ ఒక్కసారిగా కనబడతాయి కదా.

అన్నీ.

దార్లో స్టీరింగు పట్టుకుని ఆ ఒక్కటే ఆలోచన. 21న కట్టు విప్పుతారు. ఇంటికొచ్చి కారు చూస్తారు. ఓరగా.

నవంబరు 9, ఆదివారం

మా ఆయన ఫోన్. గూడ్స్ గార్డు, పై ఊళ్లో రన్నింగ్ రూములో విశ్రాంతిలో ఉన్నారు. "సెప్పేస్తే పోద్ది కదే. మా నాన్నేటి చిన్నపిల్లోడా? నువ్వే అన్నీ పెద్దవి సేస్తావు."

ఒళ్లు మండింది. మీకేం తెలుసు, పెట్టె సర్దుకుని డ్యూటీకి పోతారు, ఆ మనిషి పదమూడేళ్లు గోడకేసి చూస్తూ కూర్చున్నది రోజూ కళ్లారా చూసింది నేను — అనేశాను. పెట్టేశాను కూడా. పాపం, అన్నం తిన్నారో లేదో అడగనేలేదు.

చెప్పడం నాకేం కష్టం కాదు. 'మీరే పాడుచేశారు మావయ్యా' — మూడు మాటలు. ఆ తర్వాత ఆయన ఇంకెప్పుడూ బాల్చీ పట్టుకోరు. ఖాకీ చొక్కా పెట్టెలోకి పోతుంది. కోప్పడరు, వాదించరు. గోడ దగ్గరికి వెళ్లి కూర్చుంటారు, అంతే. అది నేను చూడలేను.

కాబట్టి పదకొండు రోజుల్లో ఆ గీతలు పోవాలి. కళ్లు రాకముందే.

నవంబరు 10, సోమవారం

ముందు రుద్దడం ఆగాలి. ఎలా? రాత్రంతా ఆలోచిస్తే రైల్వే మనిషికి రైల్వే మందే అని తోచింది. సర్క్యులర్.

ఖరిదా బజారులో రెండు కొత్త బాల్చీలు, కారు షాంపూ, మెత్తటి మైక్రోఫైబర్ గుడ్డలు అరడజను. తెల్లకాగితం మీద నా చేత్తోనే రాశాను. ఆయన చదవలేరు కనుక చదివి వినిపించాను, గొంతు గంభీరంగా పెట్టి.

"కంపెనీ కొత్త సర్క్యులర్ పంపినాది మావయ్యా. ముందు ఉత్త నీళ్లు కొట్టాలట. దుమ్ము జారిపోయేదాకా సెయ్యి పెట్టకూడదట."

"ఊఁ."

"రెండు బాల్చీలట. ఒకదాన్లో షాంపూ. రెండో దాన్లో గుడ్డ జాడించి మళ్లీ షాంపూలో ముంచాలట. పైనుంచి కిందికి రావాలట. సక్రాలు ఆఖర్న, వాటి గుడ్డ వేరే. నిలువుగా తుడవాలి గాని గుండ్రంగా తిప్పకూడదట."

"గుండ్రంగా తిప్పకపోతే మెరుపెలగొస్తాదే?"

"నాకేటి తెలుసు, అలాగ రాసినారు. ఆఖరికి పొడిగుడ్డ పరిచి తడి ఒత్తాలట, రుద్దకూడదు. ఇంకా... వేస్టు వాడరాదు."

అక్కడ ఆగిపోయారు. చేతిలో ఉండ వైపు చూసుకున్నారు. "వేస్టేటి సేసినాది, పాపం?"

నాకు నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది. ఏదీ బయటికి రానివ్వలేదు.

"సరే. సర్క్యులరంటే సర్క్యులరే. సైనెక్కడ పెట్టాల?" కొత్త ఆర్డరు వస్తే చదివి 'నోటెడ్' అని సంతకం పెట్టడం షాపులో అలవాటు కదా. కాగితం అడుగున చోటు వేలితో చూపించాను. పెట్టారు. సగం పేరు కాగితం మీద, సగం బల్ల మీద.

నవంబరు 11

ఒక్క రూలు తప్పలేదు. నీళ్లు, రెండు బాల్చీలు, నిలువు గీతలు. మధ్యలో చెయ్యి అలవాటుగా గుండ్రంగా తిరగబోయింది. "అరె!" అని తన చేతిని తనే కసురుకున్నారు.

నా బంగారు మావయ్య.

నవంబరు 13, గురువారం

సాయంత్రం బిశు దా దగ్గర ట్రైనింగ్. కారు అతని దగ్గర వదిలితే మావయ్యకు తెలిసిపోతుంది, అందుకే నేనే చేస్తానన్నాను. పాత తలుపు ఒకటి బల్ల మీద పెట్టి మిషన్ నా చేతికిచ్చాడు. స్విచ్ నొక్కగానే అది మేకపిల్లలా గింజుకుంది. పాలిష్ చుక్కలు నా చీర మీద, అతని మీసం మీద.

"జోరే నొయ్, బౌది! గట్టిగా నొక్కొద్దు. మిషన్ పని మిషన్‌ని చెయ్యనీ."

స్పాంజి ప్యాడు మీద నాలుగు చుక్కలు. ముందు మిషన్ ఆన్ చెయ్యకుండానే పూయాలి. రెండడుగుల చోటు, అంతకన్నా ఎక్కువ వద్దు. అడ్డంగా ఓసారి, నిలువుగా ఓసారి, తాబేలు నడక. తుడిచి, టార్చి వేసి చూడాలి. అంచుల మీద టేపు, ఎందుకంటే అంచుల దగ్గర పూత పలచన, క్షణంలో ఎగిరిపోతుంది. రబ్బరు మీద కూడా టేపే. అన్నిటికన్నా ముందు బంకమట్టి లాంటి ముద్దతో, తడిమీద, రంగులో దిగబడిన ధూళి లాగేయాలి. లేకపోతే ఆ ధూళే మిషన్ కింద పడి కొత్త గీతలు.

మూడోసారికి కుదిరింది. బిశు దా ఓరగా చూసి, "ఠీక్ హై" అన్నాడు. స్కూల్లో మొదటి ర్యాంకు వచ్చినప్పుడు కూడా ఇంత పొంగిపోలేదు.

ఆదివారం, మంగళవారం మిషన్ ఇస్తానన్నాడు. తర్వాత తన పని ఉందట.

నవంబరు 16, ఆదివారం

మావయ్యని ఖరిదాలో వాళ్ల పెయింట్ షాపు స్నేహితుడు అప్పన్న గారింటికి పంపించాను. ఆపరేషన్‌కి ముందు అందరినీ ఓసారి చూసి రండి అని. ఎంత మాయలాడినో!

క్వార్టరు పక్క నీడలో పెట్టి మొదలు. కడిగాను, ముద్దతో లాగాను. ముద్ద మీద ఎర్ర చారలు... మన మొరమే. టేపులు. బానెట్ మీద ఓ మూల ముందు పరీక్షకు. తుడిచాను. టార్చి వేశాను. ఓరగా చూశాను.

గూడు లేదు!

నల్లటి నీళ్లలా ఉంది. అందులో నా ముఖం, చెదిరిన జుట్టు, ముక్కు మీద పాలిష్ మరక. ఒక్కదాన్నే చప్పట్లు కొట్టుకున్నాను. పక్క క్వార్టరు దీదీ గోడ మీంచి తొంగిచూసి వెళ్లిపోయింది.

బానెట్, టాపు, కుడివైపంతా అయింది. మోచేతులూ మణికట్లూ ఊడిపోయేలా ఉన్నాయి. గరిటె పట్టలేక ఉప్మాతో సరిపెట్టాను.

నవంబరు 18, మంగళవారం

సగం రోజు సెలవు. మావయ్య మళ్లీ అప్పన్న గారింటికి. ఎడమవైపు ముందు తలుపు, డిక్కీ, వెనక బంపరు. ఇక మిగిలింది ఎడమవైపు వెనక తలుపు. ప్యాడు మీద చుక్కలు వేసి స్విచ్ నొక్కానో లేదో —

"అదేటమ్మా సౌండు?"

గేటు దగ్గర మావయ్య. అప్పన్న గారు ఇంట్లో లేరట.

"మిక్సీ, మావయ్యా."

"మిక్సీ వీధిలోనేటి?"

"లోపల... ప్లగ్ పాడైపోయినాది."

ఆయన అక్కడే నిలబడ్డారు. ముక్కుపుటాలు కదిలాయి. పాలిష్ వాసన గాలి నిండా. ఆ వాసనలోనే కదా ఆయన ముప్ఫై ఎనిమిదేళ్లు బతికింది. "పచ్చడా?" అన్నారు.

"అవును మావయ్యా. పచ్చడి."

"మంచిది. రుబ్బుకో." మెల్లిగా గోడ పట్టుకుని లోపలికి వెళ్లిపోయారు.

ఆయన ఇంట్లో ఉండగా ఇంక మిషన్ ఎలా పెట్టను? చీకటి పడేలోగా బిశు దాకి తిరిగి ఇచ్చేశాను. ఆ తలుపు అలాగే ఉండిపోయింది.

రాత్రి భోజనంలో పచ్చడి లేదు, ఆయన అడగలేదు.

నవంబరు 20, గురువారం

అయింది. ఆపరేషన్‌కి ఇరవై నిమిషాలు కూడా పట్టలేదు. కంటికి కట్టుతో బయటికొచ్చి, నా చెయ్యి వెతుక్కుని పట్టుకున్నారు. మా ఆయన రాత్రి బండికి వచ్చేస్తున్నారు.

నవంబరు 21, శుక్రవారం

కట్టు విప్పారు. చాలాసేపు కన్ను చికిలించి, డాక్టరమ్మని చూశారు, కిటికీ చూశారు, కొడుకుని చూశారు. తర్వాత నన్ను.

"ఓలమ్మో. నీకు తలెప్పుడు నెరిసినాదే?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. కళ్లు తుడుచుకున్నాను, అవునూ, ఏడ్చాను, నాకేం సిగ్గు.

నల్ల కళ్లజోడు. చుక్కల మందు. నెల రోజులు ఒంగకూడదు, దుమ్ములోకి వెళ్లకూడదు, కారు కడగకూడదు. ఆఖరిది నేనే డాక్టరమ్మ చేత చెప్పించాను.

ఎడమవైపు గోడకి ఆనించి పెట్టాను కారుని. మనిషి పట్టే సందు కూడా లేదు, అనుకున్నాను.

నవంబరు 22, శనివారం

ఆరింటికి మెలకువ వచ్చేసరికి మంచం మీద లేరు. బయట ఉన్నారు.

ఎండ అప్పుడే వస్తోంది. నల్ల కళ్లజోడు నుదుటి మీదికి ఎత్తి, తల పక్కకు వాల్చి, ఓరగా చూస్తున్నారు. బానెట్. కుడి తలుపులు. డిక్కీ. ఒక్కో చోట ఆగి, చేతులు వెనక్కి కట్టుకుని. నేను గడపలోనే నిలబడిపోయాను. అందంగా ఉంది, ఏమీ లేదు, ఇంక లోపలికి రండి మావయ్యా అని మనసులో అనుకుంటున్నాను.

గోడకూ కారుకూ మధ్య సందులోకి పొట్ట లోపలికి పీల్చి దూరారు.

వెనక తలుపు దగ్గర ఆగారు. అక్కడికీ చేరింది ఎండ, అద్దంలోంచి అడ్డంగా. ఎంతసేపు నిలబడ్డారో. గీతలెటు తిరిగాయో అటు చూపుడువేలు గాలిలో గుండ్రంగా తిరిగింది. ఒకసారి. రెండుసార్లు. ఆగిపోయింది.

"అమ్మాయ్."

వెళ్లాను.

"ఇదొక్కటేనా మిగిలినాది?"

తల ఊపాను.

"మిగతాదంతా ఇలాగే ఉండేదా?"

చెప్పడానికి అబద్ధం ఒక్కటి దొరకలేదు. ఇన్ని రోజులూ కుప్పలుగా దొరికినవి, సమయానికి ఒక్కటీ లేదు.

"నువ్వొక్కద్దానివే సేసినావా?"

"ఊఁ."

నా చేతులు తన చేతుల్లోకి తీసుకున్నారు. అరిచేతులు తిప్పి చూశారు. మిషన్ పట్టుకున్న చోట ఎండిన బొబ్బలు. కొత్త కన్నుతో మావయ్య నా చేతులు చూస్తున్నారు.

"నొప్పెట్టినాయా?"

"నేదు మావయ్యా."

"పెట్టుంటాయి," అన్నారు. "ఆ మిషన్ బరువు నాకు తెల్దేటి?"

వదిలేసి లోపలికి వెళ్లారు. చుక్కల మందు వేళయిందని మా ఆయన పిలుస్తున్నారు.

నవంబరు 23, ఆదివారం

ఆ మాట మళ్లీ ఎత్తలేదు. నిన్నంతా మామూలుగానే ఉన్నారు. టీ బాగుందన్నారు. పేపరు దూరంగా పట్టుకుని హెడ్డింగులు పైకి చదివారు. ప్రింటు బాగుందట. నాకది మామూలుగా అనిపించలేదు.

మా ఆయన అంటారు — "కోపం నేదులే, సిగ్గుపడతన్నాడు. ఒగ్గీ." వదిలేయడం నాకు చేతకాదని ఆయనకింకా తెలీదు.

ఇవాళ నేనే కడిగాను. గోడ దగ్గర్నుంచి ఇవతలికి తీసి, ముందు నీళ్లు, రెండు బాల్చీలు, నిలువుగా. మావయ్య మెట్టు మీద కూర్చుని చూశారు. ఖాకీ చొక్కా వేసుకోలేదు. నేను కావాలనే కింద నుంచి పైకి తుడిచాను, తిడతారేమోనన్న ఆశతో. తిట్టలేదు. ఒక్క మాట, ఒక్క "అరె" కూడా లేదు.

వెనక తలుపు దగ్గరికి వచ్చేసరికి లేచి వచ్చారు. నా పక్కన నిలబడ్డారు. చెయ్యి ముందుకు చాచారు, నీళ్లు కారుతున్న ఆ గూడు మీదికి. రెండంగుళాల దూరంలో ఆపేశారు.

"ముట్టుకోండి మావయ్యా," అన్నాను. "ఈ తలుపు మనిద్దరం కలిసి సేద్దాం. డాక్టరమ్మ సెప్పిన నెల అవనీండి. నేను మిషన్ తెస్తాను, మీరు ఓరగా సూసి సెప్పండి."

చెయ్యి వెనక్కి తీసుకున్నారు.

"తడిగా ఉన్నాదమ్మా," అన్నారు.

"ఉత్త నీళ్లే కదా మావయ్యా..."

చేతులు వెనక్కి కట్టుకుని, ఆ గూడు వైపు ఓరగా చూస్తూ, తలుపు ఆరేదాకా అక్కడే నిలబడ్డారు.